ఏ దళము, ఏ దేహము

(పాతపట్నమున యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మహేంద్రతనయ యొడ్డున, రెండు రాష్ట్రముల పొలిమేరయందున్న పట్టణ మిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి అటు పోయెను, పాతపట్నము ఇటు నిలిచెను. వానను నమ్ముకొన్న సేద్యము, కొండవాలు పల్లెలు, పనికై దూరదేశములకు పోవు కుటుంబములు, ఇవి యిచ్చటి బ్రదుకునకు గురుతులు. ఇట్టి తావున కోడి కూయకముందే రోడ్డుమీద పరుగెత్తు కుఱ్ఱవాండ్ర పాదధ్వని వినబడుచున్నదన్న ఆశ్చర్య మేమున్నది? ఇంటికి నెలజీతము దెచ్చు ద్వారములలో సైన్యమొకటి. ఆ ద్వారముకడ ఎవరి కొడుకవని యడుగరు, ఎంతసేపటిలో పరుగెత్తితివని యడుగుదురు. పేదయింటి పిల్లవాని కింతకంటె ఊరట వేరొండు లేదు.

అయితే ఆ కుఱ్ఱవాండ్రు తమలో తాము మాటాడుకొను మాట యొకటి మా చెవిని బడినది. పదాతిసైన్యమా, నౌకాదళమా, వైమానికదళమా, లేక సరిహద్దు రక్షక దళమో రిజర్వు పోలీసో అను ప్రశ్న వచ్చినపుడు వారు మొట్టమొదట విచారించునది, దేనిలో పరుగు తేలిక యన్నది. ఈ ప్రశ్న సిగ్గుపడదగినదని మేమనము. ఎద్దును కొనువాడు దాని కాలు పట్టి చూచును, తన దేహమును పణముగా నొడ్డువాడు పరీక్ష యెంత కఠినమో చూచుకొనుటలో తప్పేమి? కాని ఆ ప్రశ్న సగముదారిలో ఆగిపోవుచున్నది. తక్కిన సగము నేడు మీతో ముచ్చటింపవలెనని వచ్చితిమి.

ముం దొక పాతకథ. ఏ దళమున చేరవలెనో తేల్చుకొను స్వాతంత్ర్యము మన తీరపు ప్రజలకు మొదటినుండి యున్నది కాదు. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్నమున కుంపిణీ సిపాయిలను ఓడ నెక్కి చెన్నపట్నము పోయి హైదరాలీతో పోరాడుడని యాజ్ఞాపించిరి. వారు నేలమీది సైనికులు. ఓడ యెక్కుమన్న నెక్కక తిరుగబడిరి, తెల్లదొరలు కొందరు ప్రాణములు గోల్పోయిరి. కారణములు పెక్కు చెప్పుదురు. నేలమీద నడుచుటకు చేరినవానిని అడుగకయే సముద్రముమీదికి త్రోసిన ఫలమందు కొంతయైన నున్నదని మా యభిప్రాయము. అట్లు తిరుగబాటు జరిగిన తీరముననే నేడు తూర్పు నౌకాదళపు ప్రధానస్థానమున్నది, మన జిల్లాల బిడ్డలు కోరి యోడ లెక్కుచున్నారు.

దానికి నూఱేండ్ల తరువాత మఱియొక యన్యాయము జరిగెను. 1881 మొదలు 1885 వఱకు చెన్నపట్నపు సేనకు అధిపతిగా నుండిన రాబర్ట్సు దొర, దక్షిణదేశపువారు యుద్ధమునకు పనికిరారని తలపోసెను. యోధజాతులని కొన్నిటికి ముద్ర వేసి, తక్కినవారిని ప్రక్కకు నెట్టు సిద్ధాంత మది. ఆ పిమ్మటి దశాబ్దములలో తెలుగువారిని చేర్చుకొనుట సన్నగిల్లెను, మదరాసు పటాలములు కొన్ని రద్దయ్యెను, కొన్నిటిని పంజాబీలతో నింపిరి. తీరా రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు కావలసివచ్చినపుడు పనికిరానివారే మరల పనికివచ్చిరి! దేహమునుబట్టి దళమును నిర్ణయించుట అనునది ఆ కాలమున జాతినిబట్టి జరిగినది, ఒక్కొక్క మనుష్యుని జూచి జరుగలేదు. నేడు గడియారమును, కొలతబద్దయు జరుపుచున్నవి. ఇవి కఠినమైనవే కాని పక్షపాతము లేనివి. కావున వీనిని చక్కగా తెలిసికొనుట మన కర్తవ్యము.

ఇక లెక్కలోనికి దిగుదము. మైదానమున నొక చుట్టు 400 మీటరులు. నాలుగు చుట్లు 1600 మీటరులు. పదాతిసైన్యపు అగ్నివీరులకు ఈ దూరమును 5 నిమిషముల 30 సెకనులలో ముగించినచో 60 మార్కులు. 5 నిమిషముల 45 సెకనులలోపల ముగించినచో 48. అటుపైబడినవానిని మొదట ఇంటికే పంపుచుండిరి. 2025 ప్రకటనలో 6 నిమిషముల 15 సెకనుల వఱకు తగ్గింపు మార్కులతో దారి విడిచిరి. నౌకాదళమున పురుషులకు 6 నిమిషముల 30 సెకనులు. వైమానికదళపు ఇటీవలి ప్రకటనలలో 7 నిమిషములు. కేంద్ర రిజర్వు పోలీసు, సరిహద్దు రక్షక దళము మున్నగు వానిలో దూరమే మారును: 5 కిలోమీటరులు, 24 నిమిషములు.

ఈ యంకెలను చుట్లలోనికి మార్చి చూడుడు. 5 నిమిషముల 30 సెకనులనగా చుట్టునకు ఎనుబదిరెండున్నర సెకనులు. నౌకాదళమునకు తొంబదియేడున్నర. వైమానికదళమునకు 105. అయిదు కిలోమీటరుల పరుగున పండ్రెండున్నర చుట్లు, చుట్టునకు రమారమి 115 సెకనులు. మొదటిదానికి వేగము ముఖ్యము, చివరిదానికి ఓర్పు ముఖ్యము. మొదటి రెండుచుట్లు జింకవలె దూకి మూడవచుట్టున నోరు దెఱచి నిలుచు పిల్లవాడొకడుండును. ప్రారంభమున వెనుకబడి, పదవ చుట్టున నొక్కొక్కరిని దాటుచు వచ్చు పిల్లవాడొకడుండును. వీరిద్దఱిని ఒకే త్రాసున తూచి, ఈతడు బలవంతుడు, ఆతడు దుర్బలుడు అనుట న్యాయము కాదు. ఇద్దఱి దేహములు వేఱు. నీ వెవ్వడవో తెలిసికొనుటకు గడియారముతో నాలుగువారములు చాలును. అది తెలియకయే నాలుగేండ్లు గడపువారిని మనము చూచుచున్నాము.

పరుగుతో పరీక్ష ముగియదు. పదాతిసైన్యమున ఇనుపకడ్డిని పట్టి దేహమును పైకి లాగుకొనుట పదిసారులు చేసినవానికి 40 మార్కులు, ఆరుసారులు చేసినవానికి 16. తొమ్మిదడుగుల గోతిని దుముకుట, వంకర దూలముపై నడచుట యున్నవి. వానికి మార్కులు లేవు, గట్టెక్కిన చాలును. నౌకాదళమున నిరువది బస్కీలు, పదునైదు దండీలు, పదునైదుసారులు వెల్లకిల పరుండి లేచుట. వైమానికదళమున పది దండీలు, పదిసారులు పరుండి లేచుట, ఇరువది బస్కీలు. ఒడ్డుపొడుగు గల పిల్లవాడు దండీలలో నెగ్గి కడ్డికడ ఓడును. సన్నని పిల్లవాడు పరుగునను కడ్డికడను నెగ్గి, బరువు చాలక వైద్యునియొద్ద ఆగిపోవును.

దేనిలో పరుగు తేలిక యన్న ప్రశ్నలోని మోస మిచ్చట బయటపడుచున్నది. పదాతిసైన్యమున పరుగు మార్కులు దెచ్చును. వ్రాతపరీక్ష మార్కులతో కలసి అవి నిన్ను జాబితాలో పైకి చేర్చును. తక్కిన రెండు దళములలో పరుగు కేవలము వాకిలి. దాటితివా, దాటితివి. 7 నిమిషముల పరుగును 5 నిమిషములలో ముగించినను ఒక్క మార్కు అధికముగా రాదు. అచ్చట జాబితాను నిర్ణయించునది కలము. వైమానికదళపు సైన్సు తరగతి ఇంటర్మీడియేటు గణితమును, భౌతికశాస్త్రమును, ఇంగ్లీషును అడుగును. నౌకాదళపు పై తరగతికి గణితము, భౌతికశాస్త్రము ఇంటర్మీడియేటులో చదివియుండవలెను. అనగా పరుగునకు వెఱచి అటు మళ్లినవానికి అచ్చట భౌతికశాస్త్రము ఎదురగును. వ్రాతకు వెఱచి ఇటు మళ్లినవానికి ఎనుబదిరెండున్నర సెకనుల చుట్టు ఎదురగును. 2023 మొదలు పదాతిసైన్యమునను వ్రాతపరీక్షయే ముందు. అది గెలిచినవారినే మైదానమునకు పిలుచుచున్నారు. కావున పుస్తకమును పూర్తిగా మూసి రోడ్డునే నమ్ముకొన్నవానికి ఇపుడు ఏ దళమునందును తావు లేదు. పదవతరగతి విడిచి పరుగునకు పోవుచున్న బిడ్డల తల్లిదండ్రు లీ మాటను గట్టిగా పట్టుకొందురు గాక!

పరుగుకంటె ముందు కొలతబద్ద యున్నది. సాధనచేత వేగము పెరుగును, ఊపిరి పెరుగును, కండ పెరుగును. పదునెనిమిదేండ్లు దాటిన పిమ్మట ఎత్తు పెరుగుట అరుదు. పదాతిసైన్యమున సామాన్యవిధుల సిపాయికి ఆంధ్రులు మున్నగు దక్షిణదేశపువారికి 166 సెంటీమీటరులు కావలెను. పంజాబు, హర్యానా ప్రాంతములవారికి 170. గుమాస్తా తరగతికి మనవారు 162 ఉన్న చాలును. నౌకాదళమున 157, వైమానికదళమున 152. కేంద్ర రిజర్వు పోలీసు మున్నగు వానిలో సామాన్యముగా పురుషులకు 170 కావలెను. గిరిజనులకు సడలింపు కలదు. మెళియాపుట్టి, సీతంపేట వైపునుండి వచ్చిన సవర, జాతాపు సోదరులు ప్రకటనలో ఆ భాగమును తప్పక చదువవలెను.

ఇపుడు 160 సెంటీమీటరుల పిల్లవానిని తలచుకొనుడు. అతడు జింకవలె పరుగెత్తును. ఆరు నెలలు రోడ్డుమీద చెమటోడ్చి పదాతిసైన్యపు మైదానమునకు పోయినచో కొలతబద్దకడనే వెనుకకు పంపుదురు, పరుగు చూపు నవకాశమే లభింపదు. అతనికి నౌకాదళము తెఱచియున్నది, వైమానికదళము తెఱచియున్నది. చెప్పువారు లేక తెలియదు. 167 గల పిల్లవాడు పదాతిసైన్యమునకు పనికివచ్చును గాని రిజర్వు పోలీసునకు చాలడు. ఇంటిగోడకు వీపాన్చి, తలపై పుస్తకము నిలిపి, గీత గీసి కొలిచిన తేలిపోవు విషయమిది. దీనికై వేలరూపాయలు శిక్షణాలయములకు కట్టనక్కఱలేదు. చేర్చుకొనునాడు ఈ కొలతయైన తీయక డబ్బు దీసికొన్న తావులు గలవని వినుచున్నాము. అట్టివారు మీ పిల్లవాని వయస్సును దొంగిలించినవారు.

కొలతబద్ద తరువాత వైద్యుడు. ఎఱుపు ఆకుపచ్చల భేదము స్పష్టముగా తెలియనివాడు తన జీవితమందు ఆ లోపమును గుర్తింపకపోవచ్చును. పొలమునకు, బడికి అది యడ్డురాదు. ఓడమీద రాత్రివేళ ఎఱ్ఱదీపమును పచ్చదీపమును జూచి ఏ వైపునుండి మఱియొక యోడ వచ్చుచున్నదో తెలిసికొనవలసినవానికి అది ప్రాణాంతకము. విమానముకడ రంగు తీగలు కలుపువానికిని అంతే. అందుచేత రంగుచూపు విషయమున నౌకాదళము, వైమానికదళము పదాతిసైన్యముకంటె గట్టిగా నుండును. చదున్న పాదములు, నిలిచినపుడు మోకాళ్లు ఒకదానితో నొకటి తాకుట, చెవిలో రంధ్రము, పుచ్చిన పండ్లు, రక్తనాళముల వాపు, ఇవియెల్ల చూతురు. వీనిలో కొన్ని మానునవి: పండ్లు బాగుచేయించుకొనవచ్చును, చెవిలోని గుమిలి తీయించుకొనవచ్చును, కొన్నిటికి చిన్న శస్త్రచికిత్స చాలును. కొన్ని మాననివి. ఏది మానునో, ఏది మానదో పదునారవయేట తెలిసినచో దారి మార్చుకొనుటకు కాలముండును. ఇరువదియవయేట, వ్రాత గెలిచి, పరుగు గెలిచి, చివరి గదిలో తెలిసినచో ఆ దుఃఖమును వర్ణింపజాలము. దగ్గఱి సర్కారు ఆసుపత్రిలో కన్నులు, చెవులు, రక్తము చూపించుకొనుట కొక్క దినము చాలును. పచ్చబొట్ల విషయమున నొకమాట: మోచేతి లోపలి భాగమున, అరచేతి వెనుక తప్ప తక్కినచోట్ల పచ్చబొట్టు సామాన్యముగా నొప్పుకొనరు, కులాచారముగా పొడిపించుకొన్న గిరిజనులకు మినహాయింపు కలదు. సంతలో ముచ్చటపడి భుజముమీద సింహమును పొడిపించుకొను పిల్లలు ఆలోచించుకొందురు గాక.

ఇది యంతయు వాకిలి దాటువఱకు. దాటిన తరువాత ఏమి? అసలు విషయమిదియే. పరీక్ష నాలుగు చుట్లు. ఉద్యోగము వేలదినములు. ఆ దినములలో దేహమేమి చేయునో చూచి దళము నేర్చుకొనుడు.

పదాతిసిపాయి నడచువాడు. తుపాకి, తూటాలు, నీరు, పడక మోసికొని, ఊపిరి పలుచనైన కొండలమీద నడచును. పరుగున మొదటివాడు అచ్చట మొదటివాడగునను నియమము లేదు. మూటతో కొండ యెక్కుటకు మోకాలు, వెన్ను, పాదము గట్టివి కావలెను. ఫిరంగిదళమున కథ వేఱు. 155 మిల్లీమీటరుల ఫిరంగి గుండు నలుబది కిలోలకు మించి తూగును. దానిని ఎత్తి గొట్టమున నుంచుట, మరల ఎత్తుట, మరల నుంచుట. ధాన్యపు బస్తా నెత్తి బండిలో వేయు పిల్లవానికి ఆ పని సుళువు తెలియును. నాలుగుచుట్ల పరుగున అతడు కడపటివాడైనను ఆశ్చర్యము లేదు. కాని పదాతిసైన్యమున నొక చిక్కు గలదు. సామాన్యసిపాయియా, సాంకేతికుడా, గుమాస్తాయా, వృత్తిపనివాడా యన్నది నీవు కోరుకొందువు. ఏ పటాలమున, ఏ శాఖయందు వేయుదురో వారి యవసరము నిర్ణయించును. నేను ఫిరంగిదళమునకే పోవుదునని పట్టుపట్టుటకు వీలులేదు. పదాతిసైన్యమున చేరువాడు దేనికైన సిద్ధపడి చేరవలెను.

నావికుని దేహమునకు గల పరీక్షను మైదానమున నెవ్వరును పెట్టలేరు. ఇనుపనిచ్చెనలు నిట్టనిలువున నెక్కుట, వంగి దూరవలసిన వాకిళ్లు, యంత్రపుగదిలో కాక, నిద్ర లేని కావలి, అన్నిటికి మించి కాళ్లక్రింద కదలు నేల. ఓడలో నిప్పంటుకొనినచో వంటవాడనియు గుమాస్తాయనియు లేదు, ప్రతివాడును ఆర్పువాడే. ఈత రానివాని కచ్చట నేర్పుదురు. వచ్చినవాడు సగము భయము గెలిచి పోవును. భావనపాడు, బారువ, కళింగపట్నపు బెస్తపిల్లలకు ఈ విద్య పుట్టుకతోనే వచ్చినది. సముద్రపు వాంతులు వారి నంతగా బాధింపవు. వారు గణితమునకు భయపడి వెనుకాడుచున్నారు గాని, దేహమునుబట్టి చూచిన నౌకాదళమునకు వారికంటె తగినవారెవరు? పదవతరగతితో చేరు నావిక తరగతియు నొకటి గలదని వారికి తెలియవలెను. శిక్షణాలయమైన ఐ.ఎన్.ఎస్. చిలికా చిలికా సరస్సు ఒడ్డుననున్నది. మన నౌపడా స్టేషనునుండి ఉత్తరముగా పోవు రైలుమార్గమున కొన్నిగంటల ప్రయాణము. 

వైమానికదళము పేరు వినినంతనే విమానము నడపుదుమని కలగను పిల్లలున్నారు. అగ్నివీరుడు విమానము నడపడు. ఎండకు కాగిన రన్‌వేపై నిలిచి విమానమును సిద్ధపఱచును, దుకాణము లెక్క చూచును, కావలి కాయును. యంత్రపు హోరులో పనిచేయవలెను గనుక చెవులు చూతురు. కండబలముకంటె మెలకువ, చేతిపొందిక, ఒక మర పదిసారులు బిగించి పదునొకండవసారి మరల చూచుకొను ఓపిక ముఖ్యము. బస్సుస్టాండుకడ మోటారుసైకిళ్లు బాగుచేయు దుకాణమున చేయి తిరిగిన పిల్లవానికి, ఇంటర్మీడియేటు గణితము వచ్చినచో, ఇది తగిన తావు. పరుగు తేలికయని మాత్రమే పోయినవాని కది చెఱసాల.

ఇంక సాధన సంగతి. శ్రీకాకుళపు క్రీడారంగమునకు కోడి రామమూర్తినాయుని పేరు పెట్టియున్నారు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, ఇనుపగొలుసులు త్రెంచి, రొమ్ముపై ఏనుగును నిలిపి లోకమును విస్మయపఱచిన ఆ మహాబలుని 1600 మీటరులు 5 నిమిషముల 30 సెకనులలో పరుగెత్తుమన్న ఏమయ్యెడిదో! బలము పలువిధములు. ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సునందు 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. భారతస్త్రీ ఒలింపిక్సున పతకము గెలుచుట అదియే మొదలు. దేహము మారినకొలది ఆమె తరగతి మారినది. పాత తరగతినే పట్టుకొని, తిండి మాని, దేహమును కుదించుకొన లేదు. మీరును ఒక దళముపేరు గోడపై వ్రాసికొని దానికై దేహమును విఱుచుకొనవలదు.

విఱుచుకొనుచున్నారు కూడ. తారురోడ్డుమీద, అరిగిన బూట్లతో, ఒక్కసారిగా దినమునకు పది కిలోమీటరులు మొదలుపెట్టినవాని ముంగాలి యెముక మూడవవారమున నొప్పిపెట్టును. దానిని లెక్కచేయక పరుగెత్తినచో ఎముకయందు వెండ్రుకవాసి పగులు పుట్టును. విశ్రాంతి తప్ప మందు లేదు; నెలలు పోవును. మెత్తని మట్టిబాటయందు, చెఱువుగట్టుమీద పరుగెత్తుడు. వారమునకు పదవవంతుకంటె దూరము పెంచకుడు. వారమున నొక దినము పూర్తిగా విశ్రమింపుడు. ఎండ ముదిరిన పిమ్మట పరుగు వలదు. ఎండలో పడిపోయిన పిల్లవానిని బ్రదికించుట అన్నివేళల వీలుపడదు. చోడి అంబలి, గ్రుడ్డు, పప్పు, వేరుసెనగ, ఆకుకూర చాలును. డబ్బాపొడులు కొననక్కఱలేదు. రక్తహీనత యున్నవాని పరుగు ఎంత సాధనచేసినను సాగదు. దానికి వైద్యుడు కావలెను గాని కఠినుడైన గురువు కాదు.

ఇంతకంటె భయంకరమైనది యొకటి యున్నది. పరుగునాడు నొప్పి తెలియకుండ మాత్రలు మ్రింగుట, కండకై సూదులు వేయించుకొనుట. నొప్పిమాత్రలు, అందును నీరు త్రాగక ఎండలో పరుగెత్తువాడు మ్రింగినవి, మూత్రపిండములను దెబ్బతీయును. మనకు కూతవేటు దూరమున ఉద్దానము వ్యథపడుచున్నది. కవిటి, సోంపేట ప్రాంతముల యిండ్లలో మూత్రపిండ వ్యాధి ఎంత పని చేసినదో ఎఱిగిన జిల్లా మనది. ఎఱిగియుండియు పదునెనిమిదేండ్ల బిడ్డచేత నీ మాత్రలు మ్రింగించువాడు గురువు పేరునకు తగడు. అట్టివానియొద్దనుండి బిడ్డను ఆ పూటనే ఇంటికి దెచ్చుకొనుడు.

మఱియొక లెక్క. 2022 జూన్ 14వ తేదీన ప్రకటించిన అగ్నిపథ పద్ధతి ప్రకారము సేవ నాలుగేండ్లు. ప్రతి జట్టున నూటికి ఇరువదియైదుగురికి మించకుండ నిలుపుకొందురు. తక్కిన డెబ్బదియైదుగురు సేవానిధి సొమ్ముతో తిరిగివత్తురు. ఈ పద్ధతి మంచిచెడ్డలనుగూర్చి దేశమున వాదము జరిగినది. ఆ వాదమున కిది తావు కాదు. కాని దళమును ఎన్నుకొనువాని కిది మొదటివిషయము. నాలుగేండ్ల తరువాత నీ చేతిలో నే పని మిగులును? యంత్రపు పనియా, విద్యుత్తు పనియా, వంటయా, బండి నడపుటయా? అరిగిన మోకాలుతో ఇరువదినాలుగవయేట తిరిగివచ్చినవానికి, చేతిపని యొక్కటియైన రానిచో, మన పాతపట్నమున ఏమున్నది? దేహమునకు తగిన దళములు రెండు కనబడినపుడు, పని నేర్పుదానివైపు మొగ్గుడని మా సలహా.

సోదరీమణులు కొందరీ సభకు వచ్చియున్నారు, సంతోషము. పదాతిసైన్యమున మిలిటరీ పోలీసు శాఖయందు స్త్రీ అగ్నివీరులను చేర్చుకొనుచున్నారు. ఎత్తు 162 సెంటీమీటరులు. 1600 మీటరులు 7 నిమిషముల 30 సెకనులలో ముగించినవారు మొదటి తరగతి, 8 నిమిషములలో ముగించినవారు రెండవ తరగతి. పదడుగుల దూరము, మూడడుగుల ఎత్తు దుముకవలెను. నౌకాదళమున 8 నిమిషములు. 2023 మార్చి 28వ తేదీన చిలికాలో మొదటి అగ్నివీరుల జట్టు సూర్యాస్తమయము తరువాత కవాతు చేసి వెలువడినపుడు అందు స్త్రీలును నుండిరి. ఆడపిల్ల తెల్లవారుజామున రోడ్డుమీద పరుగెత్తిన ఊరేమనునో యని వెనుకాడు తల్లులకు మే మొక్కటి చెప్పుదుము: ఇద్దఱు ముగ్గురు కలసి పరుగెత్తునట్లు, తోడుగా నొక పెద్ద యుండునట్లు చూడుడు. మైదానమునకు దీపములు పెట్టించుట పంచాయతీ పని. ఆ పని కోరి దరఖాస్తు వ్రాయుడు, మేమును సంతకము చేయుదుము.

వయస్సు మాట చెప్పి ముగింతుము. అగ్నివీరునకు పదునేడున్నర మొదలు ఇరువదియొకటి, కులమునుబట్టి సడలింపు లేదు. రిజర్వు పోలీసు మున్నగు కేంద్రదళములకు పదునెనిమిది మొదలు ఇరువదిమూడు, వెనుకబడిన తరగతులకు మూడేండ్లు, షెడ్యూల్డు కులములకు తెగలకు అయిదేండ్లు సడలింపు. ఈ యంకెలు ఏటేట మారవచ్చును గనుక ప్రతి ప్రకటనను స్వయముగా చదువుకొనుడు, ఇంకొకడు చెప్పినదానిని నమ్మవలదు. ఇరువదియొకటి దాటి, ఎత్తు 170 ఉండి, మెల్లగా దూరము పరుగెత్తగలవానికి అయిదు కిలోమీటరుల దారి యింకను తెఱచియున్నది. రేపటినుండి అతడు నాలుగుచుట్ల వేగపు సాధన మాని పండ్రెండున్నర చుట్ల సాధన మొదలుపెట్టవలెను. కొలతబద్ద, గడియారము తెచ్చియున్నాము. సభ ముగిసిన వెంటనే గోడయొద్దకు రండు, ఒక్కొక్కరి యెత్తు కొలిచి కాగితమున వ్రాసియిత్తుము.